ఆ డాక్టరమ్మ వద్దు

"ఈవిడ మాత్రం నా ఎక్స్‌రేలు చూడ్డానికి వీల్లేదు," అంది ఊదాసంచి ఆవిడ, గోడ మీది ఫోటోకేసి వేలు చూపిస్తూ.

టెక్నీషియనుకు ఒళ్లు మండింది. ఆ ఫోటో తగిలించి వారమైనా కాలేదు.

ఈ రొమ్ము పరీక్షల కేంద్రంలో ఎక్స్‌రేలు తీసేది తను. వాటిని చూసి రిపోర్టు రాసే డాక్టరమ్మ ఎక్కడో నగరంలో కంప్యూటరు ముందు కూర్చుని ఉంటుంది. ముఖమైనా ఎరగని మనిషి చూస్తే మాకేం తృప్తి అని వచ్చినవాళ్లంతా గొణిగేవారు. పై ఆఫీసువాళ్లు బుర్రలు బద్దలు కొట్టుకుని డాక్టరమ్మ ఫోటో పెద్దది చేయించి గోడకెక్కించారు. అది చాలదన్నట్టు గుమ్మం దగ్గర ఒక బొత్తాల పెట్టె పెట్టారు. తృప్తిగా ఉంటే నవ్వు ముఖం నొక్కాలి, లేకపోతే ఏడుపు ముఖం. ఏడుపులు ఎక్కువైతే అక్షింతలు పడేది టెక్నీషియను మీదే.

ఊదాసంచి ఆవిడ ఫోటో చూడగానే వెనక్కి వెళ్లి ఏడుపు ముఖం నొక్కి వచ్చింది. పరీక్ష ఇంకా మొదలే కాలేదు.

"ఆవిడకేమైందండీ?"

"ఏమైందా? ఆ జుట్టు చూడు. దువ్వెన తగిలి ఎన్నాళ్లయిందో! ఆ కళ్ల కింద నలుపేమిటి? వేళకి తిని పడుకునే మనిషేనా?" అంటూనే దగ్గరికెళ్లి రుమాలుతో ఫోటో అద్దం తుడిచింది. "దుమ్ము కూడా దులపరు. ఏం కేంద్రమమ్మా ఇది!"

"ఆవిడ కంటికి ఆవగింజంతది కూడా దొరికిపోతుందండీ."

"అందుకే వద్దంటున్నాను."

ఈ జవాబుకి తలా తోకా లేదనుకుంది టెక్నీషియను. కానీ అడిగినవాళ్లకి డాక్టరును మార్చాలని రూలు. రెండో డాక్టరున్నాడు, ఒక్క ఎక్స్‌రే చూడ్డానికి సగం పూట తీసుకునే మహానుభావుడు. ఆ సంగతీ చెప్పి చూసింది.

"ఎంతసేపైనా కూర్చుంటా. నా పేరు కూడా ఈవిడ దాకా వెళ్లకూడదు."

యంత్రం పలకల మధ్య ఒత్తుతుంటే, "ఇస్త్రీ చేస్తున్నావా తల్లీ?" అంది.

"ఊపిరి బిగపట్టండి."

"గడ్డ చేతికి తగిలిననాటి నుంచీ బిగపట్టే ఉన్నా."

టెక్నీషియను కోపం కాస్త దిగింది. "ఇంట్లో చెప్పారా?"

"చెప్పలేదు. ఏమిటో తేలాక నా నోటితో నేనే చెబుతా. ఇంకెలాగా తెలియకూడదు."

ఎక్స్‌రేలు రెండో డాక్టరుకి వెళ్లాయి. కాసేపటికి నగరం నుంచి డాక్టరమ్మ ఫోను. టెక్నీషియను ఆమెని ఎన్నడూ కలవలేదు. మూడేళ్లుగా తెలిసిందల్లా ఆ గొంతే. ఏ కాలమైనా జలుబు చేసినట్టే ఉంటుంది.

"ఏంటి, ఇవాళ ఒక కేసు ఆయనకి వెళ్లింది?"

"ఒకావిడకి మీ ముఖం నచ్చలేదటండీ. తల దువ్వుకోలేదట."

అవతల పకపకా నవ్వు. "పాపం, ఉన్నమాటే అంది. నా నమస్కారాలు చెప్పు."

బల్ల మీద కూర్చున్న ఊదాసంచి ఆవిడకి ఆ నమస్కారాలు అందజేసింది టెక్నీషియను. ఆవిడ ముఖం అటు తిప్పుకుంది. ఎంత పొగరనుకుంది టెక్నీషియను.

సాయంత్రానికి రెండో డాక్టరు రిపోర్టు పంపాడు. అది చదివాక టెక్నీషియనుకు పొద్దుటి విసుగంతా ఎటుపోయిందో తెలియలేదు. కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చుంది.

"గడ్డ తీరు బాగాలేదంటున్నారండీ. పెద్దాసుపత్రిలో సూది పరీక్ష చేయించుకోవాలట. ఆలస్యం చెయ్యొద్దన్నారు."

"అనుకున్నా."

ఆవిడ సంచి పట్టీ భుజానికి తగిలించుకుంది. తర్వాత లేచి గుమ్మం దగ్గరికెళ్లి నవ్వు ముఖం నొక్కింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

"పొద్దుటి ఏడుపు కొట్టేసుకో," అంది.

టెక్నీషియనుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆవిడ సంచిలోంచి ఫోను తీసి, నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది. గొంతు గట్టిగానే ఉంది.

"బంగారూ, తిన్నావా? ముందు కూర్చో. నీకొకటి చెప్పాలి."

"చెప్పమ్మా," అంటూ ఫోనులోంచి వచ్చిన ఆ జలుబు గొంతు, గోడ మీద ఫోటోలోని డాక్టరమ్మది.