అవతలి పార్టీ మంత్రి

ఆ ఉదయం మొంటానా ఆకాశం మంచు కురవనా వద్దా అన్నట్టు బరువుగా వేలాడుతోంది. పశువులకు మేత వేసి నేను లోపలికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. మా అన్న ఎదురుగా కొత్త అధ్యక్షుడి మనిషి రస్కిన్ కూర్చుని ఉన్నాడు.

"పార్టీలు వేరైతే ఏమండీ సెనేటర్ గారూ? వ్యవసాయ శాఖ మీకే అన్నారు అధ్యక్షుడు గారు. రైతు కష్టం తెలిసినవాడు కావాలట."

పద్దెనిమిదేళ్లు సెనేట్‌లో అరిచి అరిచి అలసిపోయినవాడు అన్న. ఆ శాఖ కోసం ఎంత కలగన్నాడో నాకు తెలుసు.

"కరువు సాయం నా చేతిమీదుగా ఇవ్వొచ్చా?"

"సంతకం మీదేనండీ!"

"అయితే..."

వదిన పొయ్యి దగ్గర్నుంచి తిరగకుండానే అడిగింది. "మంత్రి కావాలంటే ఈయన ఖాళీ చెయ్యాల్సిన సెనేట్ కుర్చీలో ఎవరు కూర్చుంటారు బాబూ?"

"అది గవర్నర్ గారి ఇష్టం కదమ్మా. చట్టం అంతే."

"గవర్నర్ మీవాడేగా? ఎన్ని కుర్చీలు చేతులు మారితే సెనేట్ మీ పార్టీదవుతుంది?"

రస్కిన్ కాఫీ కప్పు ఎత్తి తాగాడు.

"ఒక్కటి," అన్నాడు అన్న, అతనికి బదులుగా.

తర్వాత రస్కిన్ వైపు తిరిగి అడిగాడు. "రైతు కష్టం మాట అధ్యక్షుడన్నదేనా, నువ్వు కలిపావా?"

"నేనే కలిపానండీ."

"బాగానే కలిపావులే. అలసిపోయాను గానీ, కుర్చీ ఖాళీ చెయ్యనని చెప్పు."

రస్కిన్ టోపీ అందుకోబోయాడు. మా వైపు భోజనం వేళకు ఉన్నవాణ్ని తినకుండా పంపరు. వదిన నాలుగు పళ్లేల్లో మాంసం కూర, రొట్టె పెట్టింది. నలుగురం తలలు దించుకుని తిన్నాం.