సత్యక్క బ్యాచ్ తొలి సెటిల్‌మెంట్

"ఈ వరసంతా ఇవాళ్టి నుంచి మా ఏరియా. హఫ్తా తియ్. తేడా వస్తే ఖర్చయిపోతావ్!"

సీతాలు చేపల గంప మీదికి వంగి, బటన్ కత్తి టక్కున తెరిచింది శ్రీసత్య. వెనక ధనశ్రీ, నర్గీస్ నల్లకళ్లద్దాలు పెట్టుకుని చేతులు కట్టుకున్నారు. ఆ అద్దాల్లోంచి సరిగ్గా కనిపించక నర్గీస్ అప్పటికే ఒక ఐసు పెట్టెకి తన్నుకుంది.

ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాట అప్పుడే ముగిసింది. సత్యక్క బ్యాచ్‌కి ఇదే మొదటి సెటిల్‌మెంట్. ఇది తేలకపోతే సెల్‌ఫోన్ల షాపులో పనికి చేరిపోతానని ధనశ్రీ పొద్దున్నే చెప్పేసింది. ఆమె పోతే నర్గీసూ పోతుంది. మిగిలిన ఒక్క మనిషిని బ్యాచ్ అనరు కదా. అదీ శ్రీసత్య బెంగ.

సీతాలు ఎర్రపిడి కత్తితో కోనాం చేప పొలుసు గీకడం ఆపలేదు.

"కర్సయిపోడవంటే ఏటమ్మా?"

"లేపేస్తానని!"

"లేపడవంటే?"

శ్రీసత్యకి ఒళ్లు మండింది. డైలాగు చెప్పాక దానికి అర్థం కూడా చెప్పమంటే ఏ రౌడీకైనా మండుతుంది.

"చంపేస్తానని!"

"అలాగా! ఇత్తాన్లేమ్మా. గానీ నాకింకా బోణీ అవ్వనేదు. బోణీ కాకుండా నా సేతిలోంచి డబ్బులట్టుకెల్తే నాకా రోజు ముంచేసినట్టే. నీకూ ఇదే మొదటి వసూలులాగుంది. కలిసొత్తాదేటి మరి?"

శ్రీసత్య కత్తి కాస్త కిందికి దిగింది. ఆమె తల్లిది జగదాంబ సెంటర్ దగ్గర ఇడ్లీ బండి. బోణీకి ముందు ఊరికే చెయ్యి చాపినవాళ్లని ఆ తల్లి తిట్టే తిట్లు వింటూ పెరిగిన పిల్ల. రౌడీ అయినంత మాత్రాన బోణీకి అడ్డుపడుతుందా?

"మరేటి సేద్దామంటావ్?" అంది. కంగారులో ఇంటి మాట బయటికొచ్చేసింది.

"నువ్వే బోణీ సేసీ. ఆనక నీ హఫ్తా అడుగు."

కిలో కోనాం కొన్నారు. బోణీ కాబట్టి బేరం కూడా ఆడలేదు. సీతాలు నోట్లు కళ్లకద్దుకుని, "మంగాయమ్మ నాకన్నా పెద్దది. దాన్నొగ్గేసి ముందు నన్నడిగితే బాగోదమ్మా" అంది. అదీ న్యాయమే అనిపించింది.

మంగాయమ్మకీ బోణీ కాలేదు. రొయ్యలు కొన్నారు. ఆమె పక్కావిడకీ కాలేదు. పీతలు. ఆ పక్క గంపలో కానాగంత చేపలు.

"అక్కా, మనం వసూలుకొచ్చామా, పెళ్లి వంటలకి సరుక్కొచ్చామా?" అంది నర్గీస్, రెండు చేతులా సంచులతో.

"నోర్ముయ్. అందరికీ బోణీ అవ్వనీ, ఒకేసారి లాగేద్దాం."

వరస చివరికి వచ్చేసరికి ముగ్గురి దగ్గరా పైసా మిగల్లేదు. ఆ చివరావిడ, "సీతాలప్ప ఎంతిత్తే నానూ అంతే" అంది. మళ్లీ సీతాలు దగ్గరికొచ్చారు. ఎండెక్కింది. ఒక పీత సంచి చింపుకుని ధనశ్రీ జీన్సు పట్టుకుంది.

"అక్కా, నేను సెల్ షాపుకి పోతన్నాను" అంది ధనశ్రీ, కాలు విదిలిస్తూ.

శ్రీసత్యకి నిజంగానే ఏడుపొచ్చేసింది. రౌడీ నలుగురిలో ఏడిస్తే బాగోదని నర్గీస్ కళ్లద్దాలు లాక్కుని పెట్టుకుంది.

సీతాలు పక్కకి జరిగి ఒక ఖాళీ గంప ముందుకి తోసింది. "ఐసు నేకపోతే ఆ సేపలు కాసేపట్లో పాడైపోతాయి. కూకోండి. అమ్ముకోండి. ముగ్గురూను."

"మాకు కొయ్యడం కూడా రాదు."

"సేతిలో కత్తుంది కదేటి? మేం నేర్సుకోనేదా?"

అప్పుడు చూసింది శ్రీసత్య. ఆ వరసలో ఒక్కరి ముందూ కత్తిపీట లేదు. అందరి చేతుల్లోనూ బటన్ కత్తులే.

సీతాలు తన ఎర్రపిడి కత్తి టక్కున మడిచి నవ్వింది.

"అప్పట్లో నానూ నా బ్యాచ్‌తో ఈ వరసంతా లేపీడానికే స్కెచ్చేసుకొచ్చానే గుంటా. మంగాయమ్మ బోణీ అవ్వనేదంది."