ఆ వైరు ముట్టుకోకండి

"ఆ వైరు ముట్టుకున్నారంటే ఊరుకోను!"

హెడ్ నర్సు అరుపుకు వార్డంతా ఉలిక్కిపడింది. కొత్తగా చేరిన డాక్టరమ్మ నెట్ వైరు అందుకోబోయి అలాగే నిలబడిపోయింది.

కౌంటరు మీదున్న మూడు కంప్యూటర్లలో ఒకదాని తెర నిండా ఎర్రటి అక్షరాలు. 'మీ ఫైళ్లకు తాళం వేశాం. డబ్బు కడితేనే తీస్తాం.' అవి కనబడీ కనబడగానే హెడ్ నర్సు మూడింటి వైర్లనూ కలుపు మొక్కల్లా పీకి పారేసింది. ఈ వారంలో చెప్పాపెట్టకుండా కంప్యూటర్ల మీద ఉత్తుత్తి దాడితో డ్రిల్లు ఉంటుందనీ, ఎర్ర తెర వస్తే ముందు వైరు పీకి తర్వాతే మాట్లాడాలనీ నోటీసు వచ్చింది మరి.

"ఇదంతా ఉత్తుత్తిదే కదా సిస్టర్! ఒక్క నిమిషం పెట్టి, చూసి, తీసేస్తా. ఆరో మంచం ఆయనకు ఏ మందు పడదో పాత రికార్డులో ఉంటుంది."

"పరీక్షలో ఒక్కసారి స్లిప్పు చూసి దాచేస్తానన్నట్టుంది! పోయిన డ్రిల్లులో మన వార్డుకు సున్నా. క్యాంటీన్లో టీ పోసేవాడు కూడా నవ్వాడు."

"మీ మార్కుల కోసం మనిషి ప్రాణం మీదికి తెస్తారా?"

ఆ మాట ములుకులా గుచ్చుకుంది. ఆరో మంచం మీది మనిషి ఒళ్లు తెలియని జ్వరంతో మూలుగుతున్నాడు. ఇంజెక్షన్ ఇక ఆలస్యం చేయడానికి లేదు. పక్కనున్న బావమరిది బిక్కమొహం వేశాడు.

"బావకి మా నాన్న మాట పడదని తెలుసు గానీ, మందుల సంగతి నాకేం తెలుసమ్మా!"

"మీ అక్కకు ఫోన్ కొట్టు!" అంది హెడ్ నర్సు.

మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ కొట్టాడు. హెడ్ నర్సు కాలుగాలిన పిల్లిలా మంచం చుట్టూ తిరిగింది.

"ఈసారి ఎత్తకపోతే వైరు నేనే పెడతా డాక్టరమ్మా. సున్నా వస్తే రానీ."

ఎత్తింది. బస్సులో ఉన్నట్టుంది, చుట్టూ హారన్లు. హెడ్ నర్సు ఫోన్ లాక్కుని మందు సంగతి అడిగింది.

"పెన్సిలిన్ వద్దు సిస్టరమ్మా! పంటి నొప్పికని వేస్తే మొహం కుండలా వాచి, ఊపిరాడలేదు ఆయనకి!"

డాక్టరమ్మ మొహం పాలిపోయింది. తను రాసింది అదే. చీటీ చింపి, ఇంకో మందు రాసింది. హెడ్ నర్సు రోగి నుదుటి మీద చెయ్యేసి, కాసేపు అలాగే ఉంచింది.

జ్వరం దిగి ఆయన మంచినీళ్లు అడిగే వేళకు కంప్యూటర్ల ఇన్‌ఛార్జి వచ్చాడు. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది.

"ఏం తమ్ముడూ, ఇంతసేపా! ఫోన్ చేస్తే ఎత్తవు కూడానూ! ఎర్ర అక్షరాలు బాగా రాశావులే, గుండె ఝల్లుమంది. అదిగో, వైర్లన్నీ పీకేశాం. డాక్టరమ్మ ఎంత బతిమాలినా పెట్టనివ్వలేదు. ఇప్పుడు చెప్పు, మార్కులెన్ని?"

అతను నేల మీది వైర్ల వంక చూశాడు. మిగతా రెండు కంప్యూటర్ల తెరలూ పరీక్షగా చూశాడు. స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆస్పత్రి మొత్తం మీద ఈ రెండే బతికాయక్కా," అన్నాడు. "డ్రిల్లు పెట్టింది రేపు."