పటేలు వేషం

“టీచరమ్మా, ఇంద్ర నాయిన వచ్చిండు!”

ఇంద్ర తల్లి గోవిందమ్మ తెర వెనక్కి దాదాపు పరుగునే వచ్చింది. వికారాబాదు నుంచి రావలసిన ముఖ్య అతిథికి రైలు తప్పిపోయింది. బడి వార్షికోత్సవ సభ ఆగకూడదని హెడ్మాస్టరు ధాన్యం అమ్మే గంజ్‌కు మనిషిని పంపాడు. కందులు అమ్ముకునేందుకు ఆ వేళ యాలాల నుంచి తాండూరు వచ్చిన బాల్‌రాజ్ పటేలు, పిలిచిందే తడవుగా వచ్చి ముందు వరుస నడిమి కుర్చీలో కూర్చున్నాడు.

ఏస్తేరమ్మ టీచరు చేతిలోని తుమ్మజిగురు గిన్నె గాలిలోనే ఆగింది. ఆమె ఎదుట పద్నాలుగేళ్ల ఇంద్ర, తండ్రి పాత ధోవతి కట్టి, పై పెదవికి నల్లమేక వెంట్రుకల మీసం అతికించుకొని స్టూలు మీద కూర్చుని ఉంది.

“ఆడపిల్ల స్టేజి ఎక్కితే ఆ దినమే బడి బంద్ అన్నడమ్మా. నీకు ముందుగాలనే చెప్పిన.”

“చెప్పినవ్, కాదంటలేను. గానీ పటేలు వేషం కట్టే పిలగానికి మొన్ననే గవదబిళ్లలు లేచె. అందరికీ మాటలు రాసిచ్చింది నీ బిడ్డనాయె. నాటకమంతా నోటికొచ్చింది ఆమెకొక్కదానికే.”

“మరి గిప్పుడెట్ల?”

“జర ధైర్యం చెయ్యి. గీ మీసం ఎనక ఎవరున్నరో కన్నతండ్రి గూడ గుర్తుపట్టడు.”

“అవునే అమ్మా, నువ్వు ఫికర్ చెయ్యకు” అంది ఇంద్ర, పటేలు గొంతు పెట్టి. గోవిందమ్మ చప్పున తెర సందులోంచి ముందు వరుస వైపు చూసింది. అది అచ్చంగా తన పెనిమిటి గొంతు.

ఇంద్ర తలకు తెల్ల రుమాలు చుట్టుకోసాగింది. ఎవరి సాయమూ అక్కరలేకపోయింది. రోజూ పొద్దున తండ్రి రుమాలు చుట్టుకుంటుంటే, ఎదురుగా నిలబడి అద్దం పట్టేది ఆమే. చూసి చూసి అబ్బిన విద్య. చివరికి కొసను కుడి భుజం మీదికి జారవిడిచి, ఠీవిగా లేచింది.

గోవిందమ్మ వెళ్లి ఆడవాళ్ల జంపఖానా మీద, భర్త కుర్చీకి బెత్తెడు దూరంలో కూలబడింది. ఆయన ఎడమ భుజం మీది రుమాలు కొస సర్దుకుంటూ తల తిప్పాడు.

“ఇంద్రేది? కనవడదు.”

“నెత్తి నొస్తున్నదని టీచరమ్మ ఇంట్ల పండుకున్నది.”

“అయ్యో, నాటకం చూడకపాయె గద” అన్నాడాయన.

తెర లేచింది. వాగు నీళ్ల వాటా మీద ఊరంతటినీ దబాయించే పటేలు కథ అది. ఇంద్ర గొంతు ఖాకరించి, తొడ చరిచి, “నా పొలం తడిసినంకనే మీ పొలాలు!” అనగానే జనం ఘొల్లుమన్నారు. వెనక వరుసలోంచి యాలాల హన్మయ్య ముందుకు వంగాడు.

“పటేలా, గా పిలగాడు అచ్చం నీ లెక్కనే ఖాకరిస్తుండు గదనే!”

గోవిందమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

“నా లెక్కనా?” బాల్‌రాజ్ కడుపు పట్టుకొని నవ్వాడు. “నాకన్న మంచిగ దబాయిస్తుండురా!”

అంతలో ఉక్కకు జిగురు కరిగి మీసం ఒక పక్క ఊడి వేలాడింది. గోవిందమ్మ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఇంద్ర మీసాన్ని వేళ్లతో నొక్కిపట్టి, మెలి తిప్పుతున్నట్టే నటిస్తూ రైతుల మీద కళ్లెర్ర చేస్తోంది. చప్పట్లు మోగాయి. తానూ కొడుతున్నానని గోవిందమ్మకు కొంత ఆలస్యంగా తెలిసింది. భయం ఎక్కడ ఆగిందో, గర్వం ఎక్కడ మొదలైందో ఆమె చెప్పలేకపోయింది.

బహుమతి ఇంకు పెన్ను బాల్‌రాజ్ చేతి మీదుగానే ఇప్పించారు.

“శభాష్! ఎవరి కొడుకువురా నువ్వు?”

ఇంద్ర తల దించుకుంది. ఏస్తేరమ్మ అడ్డుపడింది. “మన దిక్కు పిలగాడే పటేలా. జర సిగ్గు ఎక్కువ.”

“స్టేజి మీద లేని సిగ్గు కింద ఎందుకొచ్చెరా?” అంటూ ఆయన భుజం తట్టి పంపించాడు. గోవిందమ్మ ఆ సాయంత్రం మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకుంది.

పొద్దు వాలుతుండగా ముగ్గురూ బండెక్కారు. ఇంద్ర ముఖం కడుక్కొని, జడ వేసుకొని, ఎప్పటి ఇంద్రలాగే ఉంది. పెన్ను పుస్తకాల సంచి అడుగున భద్రంగా ఉంది. రైలు గేటు దాటాక బాల్‌రాజ్ అడిగాడు:

“నెత్తి నొప్పి తగ్గిందా?”

“తగ్గింది నాయినా.”

గండం గడిచిందని గోవిందమ్మ మనసులోనే దండం పెట్టుకుంది. బాల్‌రాజ్ ఎద్దులను అదిలించి, వెనక్కి తిరగకుండానే అన్నాడు:

“రేపటి సంది అద్దం మీ అమ్మ పడుతది, నువ్వు నా పక్కకు నిలవడి చూడు బిడ్డా. వచ్చేయేడు నాటకంల రుమాలు కొస ఎడమ దిక్కు రావాలె.”