అన్సెల్మో గారి ఓదార్పు ఉత్తరాలు

హలో, అందరికీ వినపడుతోందా? కథ నచ్చితే నలుగురికి పంపించండి. ఈ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే కథ అయ్యాక ఇంకో మాట చెప్పను.

"రూబెన్, తర్వాత నువ్వే మాట్లాడాలి. ఉత్తరాల సంగతి గట్టిగా చెప్పు," అన్నాడు సంతాపసభ నడిపిస్తున్న డెల్ఫిన్, మైకు సరిచేస్తూ.

రూబెన్ ప్రసంగం రాసుకున్న కాయితాన్ని మళ్లీ మడిచాడు. ఎదురుగా శవపేటికలో అన్సెల్మో గారు. ఇరవై ఏడేళ్లు శాసనసభలో ఉన్న మనిషి. ఆయన నియోజకవర్గం బతంగాస్‌లో ఎవరింట్లో చావు జరిగినా ఆయన ఓదార్పు ఉత్తరం వెళ్లాల్సిందే. ఇవాళ జనం ఆ ఉత్తరాలు పట్టుకునే వరసలో నిలబడ్డారు.

అన్నీ రాసింది ఆయన గుమస్తా రూబెనే. సంతకంతో సహా.

"సార్, ఒక్కసారి చదవండి," అంటే, "నీ రాతకి వంకేముందోయ్! ఇలా తే, నేనే పంపిస్తా," అని కట్ట సంచిలో పడేసుకునేవాడు. చదివితే ఒట్టు. ఆదివారం చర్చిలో కూడా కనపడేవాడు కాదు. కోడిపందాలకి పోతున్నాడని ఊళ్లో పుకారు పుట్టించింది కూడా రూబెనే.

"ఏం, గొంతెండిందా?" నవ్వాడు డెల్ఫిన్. "కాఫీ తాగి రా పో. చచ్చిన నాయకుణ్ణి పొగడ్డం కూడా కష్టమేనా?"

ఇంతలో పసింగ్ అవ్వ వచ్చి రూబెన్ పక్కన కూలబడింది. నలిగిపోయిన ఉత్తరాన్ని తలకిందులుగా పట్టుకుంది. చూపు ఆనుతున్నట్టు లేదు, పాపం.

"మా ఆయన సముద్రంలో పోయినప్పటిదయ్యా ఇది. మూడ్రోజులు మెతుకు ముట్టలేదు నేను. ఇది విన్నాకే గంజి తాగాను." కళ్లు మూసుకుని అప్పజెప్పింది. "'పసింగ్ గారూ, పొయ్యి ఆర్పకండి. ఆయన వల వేసింది ఆ పొయ్యి కోసమే కదా...'"

అక్షరం పొల్లు పోలేదు. రూబెన్ ఇక దాచుకోలేకపోయాడు.

"అవ్వా, క్షమించు. అది రాసింది నేను. ఆయన దాన్ని కన్నెత్తి కూడా చూళ్లేదు. ఇప్పుడు మైకులో అందరికీ చెప్పేస్తా."

"ఏమని?"

"మీ ఎవరి బాధా ఆయనకి పట్టలేదని."

అవ్వ ఉత్తరాన్ని మడిచి గుండెకి ఆనించుకుంది.

"నువ్వా రాసింది! చల్లగా ఉండు. ఆ మాట మాత్రం అనకు."

"ఎందుకని?"

"నాకు చదువు రాదు నాయనా, ఆదివారం ఆదివారం వచ్చి చదివి వినిపించింది ఆయనే."