ఏమీ కలపని తొట్టి

"కెమికల్ కలిపిన తొట్టిలో చేపలు చచ్చాయి, సరే. ఏమీ కలపని తొట్టిలోవి ఎందుకు చచ్చాయి?" జిగణి పారిశ్రామికవాడలో కెమికల్స్ పరీక్షించే ల్యాబులో తొట్లు చూసుకునే జోగయ్యను వరూధిని నిలదీసింది.

"నేను మంచి నీళ్లే పోసినా మేడమ్. ఫిల్టరు చెడిపోయుండాది. కొళాయి నీళ్లలో క్లోరిన్ చేపలకు పడదని మీరే చెప్పినారు గదా! అందుకే మా ఇంటి బోరు నీళ్లు మోసుకొచ్చినా."

"పరీక్షంతా దండగైంది!" రిపోర్టులో 'చెల్లదు' అని రాయబోయిన ఆమె కలం ఆగింది. "ఆ బోరు నీళ్లు తాగుతారా?"

"మా వీధంతా అవే..." జోగయ్య తేలిన చేపల వైపే చూస్తూ జేబులో ఫోను తడుముకున్నాడు.

"ఒక్క నిమిషం మేడమ్, ఇంటికి ఫోన్ చేయాల. కోడలు చంటిదానికి పాలపొడి కలిపే వేళయింది."