గేటు దగ్గర కేక

"డెల్ఫీ అత్తా! నేనే, ఆర్లిస్‌ని! కాల్చకు!"

కేక గేటు దగ్గర నుంచే వచ్చింది. కుక్క మొరిగింది. డెల్ఫీ ఒళ్లోని పాత పంప్ తుపాకీని పక్కన పెట్టి తలుపు తీసింది.

ఆ కొండల్లో పద్ధతి అది. వచ్చినవాడు గేటు దగ్గరే ఆగి పేరు చెప్పి కేకెయ్యాలి. కేకేసినవాడు మనవాడు. వెయ్యనివాడు కాడు.

"ఇంకా ఈ తుప్పు ముక్కేనా? నాకంటే పెద్దది" అన్నాడు ఆర్లిస్, మొక్కజొన్న రొట్టె అందుకుంటూ.

"మీ మామ బొగ్గుగనిలో మొదటి జీతంతో కొన్నాడురా. నీలా కాదు, చెప్పిన పని చేస్తుంది."

ఆర్లిస్ నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"మొన్న హేజెల్ ఇంట్లో దొంగలు పడ్డారు. ముందు కుక్కకి విషం పెట్టారు. మత్తెక్కించే నొప్పి మాత్రల కోసం ముసలిదాన్ని చావబాదారు. మామ మాత్రలు నీ దగ్గరున్నాయని లోయంతా అనుకుంటోంది. మా ఇంటికొచ్చెయ్, అత్తా."

"మాత్రలు మామ పోయిన రోజే పొయ్యిలో పడేశాను. చెబితే నమ్ముతారా వాళ్లు? లోవెల్ వచ్చేదాకా నేను కదలను. వాడొచ్చేసరికి ఇంట్లో దీపముండాలి."

లోవెల్ ఆమెకు మిగిలిన ఒక్క కొడుకు. ఆపరేషన్‌కి లెక్సింగ్టన్ పట్నం వెళ్లాడు. చిన్న గడ్డేనమ్మా, తీసేస్తారు, అంతే అన్నాడు. తర్వాత గాలివానకి ఫోన్ తీగ తెగింది. వాగు మీద వంతెన కొట్టుకుపోయింది. కబురు లేదు.

"సరే, మామ మాట మర్చిపోకు" అన్నాడు ఆర్లిస్ లేస్తూ. "ముందు తుపాకీ పిడి లాగు. ఆ చప్పుడు వింటే ఎంత దొంగైనా పరిగెడతాడు. పరిగెత్తలేదంటే, వాడు చంపడానికే వచ్చినట్టు."

పొద్దు వాలింది. లోయలోకి మంచు దిగింది. కిటికీలోంచి గేటు కనబడలేదు.

వరండా చెక్కలు కిర్రుమన్నాయి.

కేక లేదు. కుక్క మొరగలేదు.

కుక్కని చంపేశారు అనుకుంది డెల్ఫీ. తుపాకీ అందుకుంది.

"ఎవరది? పేరు చెప్పు!"

తలుపు గడియ కదిలింది. తర్వాత ఎవరో అరచేత్తో తలుపు బాదారు.

"మాత్రల్లేవు! దేవుడి మీద ఒట్టు! పేరు చెప్పరా నాయనా, నీకు దణ్ణం పెడతాను!"

బాదడం ఆగలేదు.

ఆమె పిడిని వెనక్కి లాగి ముందుకి తోసింది. ఆ చప్పుడు ఇల్లంతా మోగింది. బయటి మనిషి పరిగెత్తలేదు. ఇంకా గట్టిగా బాదాడు.

డెల్ఫీ కళ్లు మూసుకుని తలుపులోంచే కాల్చింది.

అప్పుడు కుక్క ఏడ్చింది.

ఆమె తలుపు తీసేసరికి లోవెల్ వరండాలో వెల్లకిలా పడి ఉన్నాడు, డాక్టర్లు స్వరపేటిక తీసేసిన చోట మెడకి తెల్లటి కట్టుతో.